రెక్క మోసే బరువు: చిన్న విద్యుత్ విమానం కొనేముందు

రేడియో అదుపుతో ఎగిరే చిన్న విద్యుత్ విమానపు కిట్‌ను ఎంచుకునేటప్పుడు పెట్టె మీది యుద్ధవిమానపు బొమ్మ ఎంత ఆకర్షించినా, కొత్తవారి చేతిలో ఆ విమానం నిలుస్తుందో లేదో తేల్చేది రెక్క వైశాల్యంలో ఒక్కో చదరపు డెసిమీటరు మోయవలసిన బరువే. దీనిని వింగ్ లోడింగ్ అంటారు. రెక్క పుట్టించే లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి ఎత్తే బలం, రెక్క వైశాల్యంతో పాటు గాలి సాంద్రత మీద, వేగపు వర్గం మీద ఆధారపడుతుంది కాబట్టి, బరువును బట్టి ప్రతి విమానానికీ ఒక కనీస వేగం ఉంటుంది. వేగం అంతకంటే తగ్గితే రెక్క మీది గాలి ప్రవాహం విడిపోయి విమానం కుంగిపోతుంది. ఆ స్థితి పేరు స్టాల్.

80 సెంటీమీటర్ల పొడవు, 16 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రెక్క వైశాల్యం సుమారు 12.8 చదరపు డెసిమీటర్లు. బ్యాటరీతో సహా మొత్తం బరువు 250 గ్రాములైతే వింగ్ లోడింగ్ దాదాపు 20 గ్రాములు అవుతుంది. సముద్రమట్టంలోని ప్రామాణిక వాతావరణంలో ఇటువంటి విమానం, వేగం సెకనుకు సుమారు 5.7 మీటర్లకు తగ్గే వరకు గాలిలో నిలబడగలదు. హైదరాబాద్‌లోని హైటెక్ సిటీ ప్రాంతం సముద్రమట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున ఉంది. మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరినప్పుడు ఇక్కడి గాలి సాంద్రత ఆ ప్రామాణిక విలువ కంటే దాదాపు 14 శాతం తగ్గుతుంది కనుక, అదే విమానపు స్టాల్ వేగం 8 శాతం పెరిగి సెకనుకు 6.1 మీటర్లు, అంటే గంటకు 22 కిలోమీటర్లు అవుతుంది. పలుచబడిన గాలిలో ప్రొపెల్లర్ నెట్టుడు బలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. చల్లని దేశాలలో ఎగరేసినవారి మెప్పును నమ్మి కొన్న కిట్ ఇక్కడి వేసవి మధ్యాహ్నం మొరాయించడంలో వింత లేదు.

అదే రెక్క మీద బరువు రెట్టింపైతే స్టాల్ వేగం గంటకు 31 కిలోమీటర్లవుతుంది. నేలను తాకేటప్పుడు విమానంలో ఉండే గతిజశక్తి మాత్రం నాలుగింతలవుతుంది. యుద్ధవిమానాల నమూనాలకు రెక్క చిన్నది, బరువు ఎక్కువ కాబట్టి అవి మొదటి కిట్‌గా పనికిరావు. రెక్క విమానపు శరీరానికి పైన ఉండి, కొసలు కొద్దిగా పైకి లేచి ఉండే నమూనా కొత్తవారికి అనువైనది. కొసలు అలా లేచి ఉండడాన్ని డైహెడ్రల్ అంటారు. విమానం ఒక పక్కకు ఒరిగి ఆ వైపు జారినప్పుడు, కిందికి వాలిన రెక్క మీద లిఫ్ట్ పెరిగి విమానం తనంతట తాను సర్దుకుంటుంది. ఇటువంటి విమానానికి మోటారు వేగం, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, పక్కలకు తిప్పే రడ్డర్ అనే మూడు చానళ్ల అదుపు చాలు.

మోటారు శక్తిని కిలో బరువుకు 150 నుంచి 200 వాట్ల చొప్పున లెక్కవేస్తే, 250 గ్రాముల విమానానికి 40 నుంచి 50 వాట్లు సరిపోతాయి. రెండు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ 7.4 వోల్టులు ఇస్తుంది కాబట్టి ఇది ఐదు నుంచి ఏడు ఆంపియర్ల మాట. బ్యాటరీ మీద 450 ఎంఏహెచ్, 20సీ అని ఉంటే, సామర్థ్యాన్ని 20తో గుణించగా 9 ఆంపియర్ల వరకు ఇవ్వగలదని అర్థం. ఎగిరేటప్పుడు సగటున మూడున్నర ఆంపియర్లు ఖర్చయితే, ఐదో వంతు ఛార్జ్ మిగుల్చుకున్నా, ఆరు నిమిషాలు ఎగరవచ్చు. తక్కువ అనిపించినా నేర్చుకునేవారి ఏకాగ్రత కూడా దాదాపు అంతసేపే నిలుస్తుంది.

ఎక్కడ ఎగరేయాలన్నది కిట్ కంటే ముందే తేల్చుకోవలసిన విషయం. 2021 ఆగస్టులో వెలువడిన డ్రోన్ నియమాల ప్రకారం ఇటువంటి నమూనా విమానాలు కూడా డ్రోన్లే. వినోదానికో చదువుకో కంటికి కనిపించే దూరంలోనే ఎగరేసే నమూనాలకు టైప్ సర్టిఫికెట్ అక్కరలేదు. 250 గ్రాములు మించని నానో తరగతికీ, వ్యాపారానికి వాడనంతవరకు 2 కిలోల లోపు మైక్రో తరగతికీ పైలట్ సర్టిఫికెట్ కూడా అక్కరలేదు. అయితే విమానాశ్రయపు సరిహద్దు నుంచి 8 కిలోమీటర్లు దాటాక 12 కిలోమీటర్ల వరకు 200 అడుగుల లోపు మాత్రమే గ్రీన్ జోన్, అంటే ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల గగనతలం. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ బేగంపేట విమానాశ్రయానికి ఇంచుమించు ఆ ఎనిమిదో కిలోమీటరు దగ్గరే ఉంది కాబట్టి, ఈ జోన్లను చూపే డిజిటల్ స్కై పటం చూడకుండా, సైబరాబాద్ పోలీసులు అప్పుడప్పుడు జారీచేసే నిషేధాజ్ఞలు తెలుసుకోకుండా ఎగరేయడం మంచిది కాదు. పైగా ఎత్తైన అద్దాల భవనాల వెనుక గాలి సుడులు తిరుగుతుంది. స్టాల్ వేగం గంటకు 22 కిలోమీటర్లే ఉన్న తేలికైన విమానం ఆ సుడులకు తట్టుకోలేదు. నగరం వెలుపలి ఖాళీ మైదానంలో, గాలి ఇంకా లేవని తెల్లవారుజామున ఎగరేయడమే మేలు.

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత కిట్ తెప్పించుకునే అలవాటుకు 2022 ఫిబ్రవరి 9న వెలువడిన ఉత్తర్వు అడ్డు వచ్చింది. పూర్తిగా తయారైన డ్రోన్లనే కాక, విడిభాగాల కిట్ రూపంలో వచ్చేవాటిని కూడా దిగుమతి చేసుకోవడాన్ని అది నిషేధించింది. విడిగా తెచ్చుకునే భాగాలకు మాత్రం మినహాయింపు ఉంది. అందువల్ల మోటారు, స్పీడ్ కంట్రోలర్, సర్వోలు, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో విడివిడిగా కొని, నురుగు పలకతోనో బాల్సా చెక్కతోనో విమానపు శరీరాన్ని ఇక్కడే తయారుచేసుకోవడం ఉత్తమం. 2023 మార్చిలో రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్ వంటి నమూనా తయారీ కేంద్రాలలోని లేజర్ కటింగ్ యంత్రాలు చేసేది ఇటువంటి పనే. చేత్తో కోసినా నష్టం లేదు. విరిగిన రెక్క స్థానంలో మరొకటి ఎలా చేయాలో అప్పటికి తెలిసే ఉంటుంది.

బ్యాటరీ విషయంలో మాత్రం పొదుపు తగదు. సెల్ వోల్టేజీ 4.2 మించకుండా, రెండు సెల్‌లనూ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ వాడాలి. ఏ సెల్‌నూ 3 వోల్టుల కంటే కిందికి పోనివ్వకూడదు. చాలా రోజులు వాడకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర దాచాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయకూడదు, బాగున్నదాన్ని కూడా వేసవిలో ఎండలో నిలిపిన కారులో వదిలి ఆఫీసుకు వెళ్లకూడదు.