డిస్క్ ప్లేటు ఆయుష్షు అర మిల్లీమీటరు

స్పోర్ట్స్ బైకు ఉన్నవాళ్ళు ఇంజిన్ ఆయిల్ గ్రేడు మీద గంటసేపు వాదిస్తారు. ముందు చక్రం డిస్క్ ప్లేటు మందం ఎంత అంటే మాత్రం దిక్కులు చూస్తారు. రోజూ కాలేజీకీ, సెలవొస్తే ఘాట్ రోడ్డుకీ తిరిగే బండికి ఆ మందం చాలా ముఖ్యం.

ప్లేటు మీద, సాధారణంగా బోల్టుల దగ్గర, సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో ‘మిన్ టీహెచ్’ అని, పక్కనే ఒక అంకె చెక్కి ఉంటుంది. అదే కనీస మందం. కొత్తగా 4 మి.మీ. ఉండే ప్లేటుకి చాలాసార్లు 3.5 అని ఉంటుంది. అంటే అరగడానికి మనకిచ్చింది రెండు వైపులా కలిపి అర మిల్లీమీటరే. అంతకన్నా తగ్గితే, ప్లేటు ఎంత మెరుస్తున్నా మార్చాల్సిందే.

ఎందుకో లెక్క వేద్దాం. బండి, ఇద్దరు మనుషులు కలిసి 280 కిలోలు అనుకోండి. గంటకి 80 కి.మీ. వేగంలో గతిశక్తి దాదాపు 69 కిలోజౌళ్ళు. గట్టిగా బ్రేకు వేస్తే బరువు ముందుకి వాలుతుంది, కాబట్టి అందులో 70 శాతం ముందు బ్రేకు మీద పడిందనుకుందాం. గాలికి పోయేది పక్కనపెడితే, కిలో బరువున్న స్టీలు ప్లేటు ఒక్కసారి ఆపడానికే సుమారు 100 డిగ్రీలు వేడెక్కుతుంది. అరకు ఘాట్ దిగేటప్పుడు మలుపు మలుపుకీ బ్రేకే, చల్లారే టైం ఉండదు. ప్లేటు అరిగినకొద్దీ వేడిని పట్టుకునే లోహం తగ్గుతుంది. ప్యాడ్లు పట్టు వదిలేస్తాయి. ఫ్లూయిడ్ మరిగిందంటే లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి మాత్రం ఆగదు.

వెర్నియర్‌తో కొలిస్తే మోసపోతాం. ప్యాడ్ తగలని బయటి అంచు అరగకుండా గట్టులా మిగిలిపోతుంది. వెర్నియర్ జాస్ ఆ గట్టు మీదే కూర్చుని ఎక్కువ కొలత చూపిస్తాయి. ఫస్టియర్ ల్యాబులో రికార్డు కోసం పట్టుకుని వదిలేసిన మైక్రోమీటరే ఇక్కడ దిక్కు. ప్యాడ్ రాసుకునే మేర నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికన్నా చిన్న అంకె తీసుకోవాలి. సగటు కాదు.

బ్రేకు వేస్తే లివర్ కొట్టుకుంటోందా? షాపులో వెంటనే “ప్లేటు బెండయింది” అంటారు. అదే కారణం కానక్కర్లేదు. ప్లేటు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అరిగినా, ప్యాడ్ పదార్థం ఎగుడుదిగుడుగా అంటుకున్నా, వీల్ బేరింగ్ లూజైనా అలా అవ్వొచ్చు. డయల్ గేజ్ పెట్టి చక్రం తిప్పితే తేలిపోతుంది. నిజంగా వంగిందంటే, డిస్క్ లాక్ తీయకుండా బండి కదిలించారేమో గుర్తుచేసుకోండి!

లేత్ మీద చెక్కిస్తే సరిపోతుందనే సలహా కూడా వస్తుంది. కారు రోటర్ మందపాటి పోత ఇనుము కాబట్టి దానికి కుదరొచ్చు. బైకు ప్లేటుకి ఉన్న ఆ అర మిల్లీమీటరునీ లేతే తినేస్తుంది.

రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత పగులు కనిపిస్తే మందంతో పనిలేదు, ఆ రోజే మార్చాలి. వాన తర్వాత పట్టే పలచటి తుప్పు మాత్రం రెండు మూడు బ్రేకులకే పోతుంది, దానికి కంగారు అక్కర్లేదు.

కొత్త ప్లేటుకి పాత ప్యాడ్లు పెట్టొద్దు. అవి పాత గాళ్ళకి తగ్గట్టు అరిగి ఉంటాయి, సగం చోట్లే ఆనుతాయి. రెండూ కొత్తవి వేశాక మొదటి వంద, రెండొందల కిలోమీటర్లు సుతారంగా బ్రేకులు వేస్తూ నడపండి. ఆ రెండ్రోజులూ వెనకాల ఎవరినీ ఎక్కించుకోకపోతే ఇంకా మంచిది.