టికెట్టు మన చేతికి వచ్చింది... మరి ఓటీపీ?

ఈమధ్య బస్సెక్కినప్పుడు ఒక సంగతి గమనించారా? కండక్టరు దగ్గరికి రాగానే మన చెయ్యి ఇదివరకటిలా పర్సులో చిల్లర వెతకడం లేదు. ఆధార్ కార్డు వెతుకుతోంది! 2025 ఆగస్టు 15న 'స్త్రీశక్తి' పథకం మొదలైనప్పటి నుంచీ పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రపు ఆడవాళ్లకు చార్జీ లేదు కదా. (సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ కూడా జాబితాలో ఉన్నాయి. మా హిందూపురం వైపు వాటితో పనేముంది లెండి!) కార్డు చూపిస్తే మిషన్లోంచి సున్నా టికెట్టు వస్తుంది. సున్నాయే కదా అని నలిపి పారేయకండి, చెకింగ్ వాళ్లు ఎక్కితే చూపించాల్సింది ఆ కాగితమే.

"ఉచితం పెట్టాక ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారు" అని కొందరు సణుగుతూ ఉంటారు. ఊరికే ఎవరు తిరుగుతారండీ? హిందూపురం నుంచి పెనుకొండకు సుమారు 40 కిలోమీటర్లు. పొద్దున్నే వంట ముగించి, పిల్లల్ని బడికి పంపి, నీళ్లు పట్టుకుని, ఆపైన బస్టాండుకి పరుగెత్తి, నిలబడి ప్రయాణం చెయ్యడం సరదానా? ఆ బస్సులో ఎవరున్నారో చూడండి. అవ్వను ఆసుపత్రికి తీసుకెళ్తున్న కోడలు, గార్మెంట్ ఫ్యాక్టరీకి పోయే అమ్మాయిలు, చింతపండు మూటతో ఒకావిడ, ధర్మవరంలో బాలింతగా ఉన్న చెల్లెల్ని చూడ్డానికి క్యారియరు కట్టుకుని బయల్దేరిన అక్క.

ఆ అక్కగారి సంగతే తీసుకుందాం. ఇదివరకు చెల్లెల్ని చూడాలంటే ముందు ఇంట్లో చార్జీ డబ్బులు అడగాలి. అడగ్గానే ప్రశ్నలు మొదలు. "యాడికి? ఎందుకు? ఇప్పుడే పోవాల్నా? పండక్కి పోదువులే!" చార్జీ వంద రూపాయలే కావచ్చు. కానీ ఆ వందా చేతిలో పడాలంటే ప్రయాణం ఎందుకో నలుగురి ముందూ చెప్పి ఒప్పించాలి. ఇప్పుడు "ధర్మవరం పోయి సాయంత్రానికి వస్తా" అని ఒక మాట చెప్పి బయల్దేరుతోంది. మిగిలిన డబ్బు కంటే ఇది పెద్ద మార్పని నాకనిపిస్తుంది. మీరేమంటారు?

అయితే మా హిందూపురం వాళ్లకు ఒక చిక్కుంది. మాకు బెంగళూరు వంద కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. కూతుళ్లు, కొడుకులు, పెద్దాసుపత్రులు, పెళ్లిబట్టలు, అన్నీ అటువైపే. స్త్రీశక్తి మొదలైనప్పుడు అంతర్రాష్ట్ర బస్సుల్ని పక్కన పెట్టారు. కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన 'శక్తి' ఆ రాష్ట్రం ఆడవాళ్లకు మాత్రమే. కాబట్టి సరిహద్దు దాటే ప్రయాణానికి మళ్లీ చార్జీ, మళ్లీ అడగడం. అందుకే గౌరీబిదనూరు మీదుగా బెంగళూరు పోయే రైలుకి మావాళ్లు పొద్దున్నే స్టేషనుకి చేరుకుంటారు. ఖర్చు తక్కువ, కాళ్లు చాపుకునే చోటు దొరికితే అదృష్టం.

ఇక ఎవరూ పైకి చెప్పని మాట ఒకటుంది. అదే పోపులపెట్టె డబ్బు! కూరగాయల్లో మిగిలిన పది, బస్సు చార్జీలో మిగిలిన ఐదు, పాలవాడి లెక్కలో తేలిన ఇరవై... ఆవాల కింద, బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో దాచని ఇల్లాలు ఉందా? పిల్ల ఫీజుకో, అమ్మ మందులకో పనికొచ్చేవి అవే. 2016 నవంబరు 8న పెద్దనోట్ల రద్దు వచ్చినప్పుడు ఆ డబ్బు కాస్తా బయటపడింది. ఎన్ని ఇళ్లలో మగవాళ్లు "నీ దగ్గర ఇంతుందా!" అని నోరెళ్లబెట్టారో తెలిసిందే.

అదే ఏడాది యూపీఐ కూడా వచ్చింది. ఇప్పుడు కూరగాయల బండి మీద, పూలమ్మే గంప పక్కన కూడా ఆ నలుపు తెలుపు గళ్ల చదరం కనిపిస్తుంది. చిల్లర బాధ తప్పింది, నిజమే. కానీ చిల్లర పోవడంతో అందులో మిగుల్చుకునే దారి కూడా పోయింది. టమోటాలు కిలో ఎంతకు కొన్నామో సాయంత్రానికి ఆయన ఫోన్లో అచ్చుగుద్దినట్టు ఉంటుంది. బస్సు చార్జీ ఎటూ లేదు కాబట్టి ఆ ఐదూ పదీ కూడా చేతికి రావడం లేదు. కొత్త సౌకర్యాలు వచ్చి పోపులపెట్టెను ఖాళీ చేశాయంటే అతిశయోక్తి కాదు!

ఎస్టీడీ బూత్ రోజులు గుర్తున్నాయా? పసుపు రంగు బోర్డు, అద్దాల గది, ఎర్రంకెల మీటరు వంకే చూస్తూ అమ్మతో గబగబా నాలుగు మాటలు. ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడొచ్చు. కానీ ఇంటి పనులన్నీ ఇప్పుడు ఫోన్లోంచే నడుస్తున్నాయి, ఆ ఫోను ఎవరిదన్నదే అసలు ప్రశ్న. గ్యాసు బండ సంగతి చూడండి. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'దీపం' పథకం వచ్చినప్పుడు కనెక్షన్లు ఆడవాళ్ల పేరు మీద ఇచ్చారు. 2024 చివర్లో మొదలైన 'దీపం-2' ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమంది. ముందు మనం డబ్బు కట్టాలి, తర్వాత రాయితీ బ్యాంకు ఖాతాలో పడుతుంది అని అప్పట్లో చెప్పారు. మరి పడిందన్న మెసేజు ఎవరి ఫోనుకి వస్తోంది? చాలా ఇళ్లలో ఆయన ఫోనుకో, బెంగళూరులో ఉన్న కొడుకు ఫోనుకో!

సిలిండరు తెచ్చిన అబ్బాయి గుమ్మంలో నిలబడి "నంబరు చెప్పండక్కా" అంటాడు. ఆ నంబరు ఆయన ఫోన్లో ఉంటుంది. ఆయనేమో పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉంటాడు, ఫోనెత్తడు. బండ భుజం మీద, అబ్బాయి గుమ్మంలో, మనం వంటింట్లో! పేరు మనది, ఖాతా మనది, తాళంచెవి మాత్రం ఇంకొకరి జేబులో ఉందన్నమాట.

ధర్మవరం మగ్గాల ఇళ్లలో ఇది ఇంకా బరువైన సంగతి. మగ్గం మీద కూర్చున్నది ఆయనే కావచ్చు, కండెలు చుట్టేది, పోగులు సరిచేసేది, చీర మడతపెట్టేది ఆవిడే. ఇప్పుడు కొందరు ఆడపిల్లలు చీరల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి నేరుగా అమ్ముతున్నారు. మంచిదే, మధ్యవాళ్ల బెడద కొంత తగ్గుతుంది. అయితే అక్కడే మోసగాళ్లు కాచుకుని కూర్చుంటారు. "డబ్బు పంపిస్తున్నాను, ఈ చదరం స్కాన్ చేసి పిన్ను నొక్కండి" అంటారు. నొక్కారో, ఉన్నది ఊడ్చుకుపోతుంది! ఒక్క మాట బాగా గుర్తుపెట్టుకోండి: డబ్బు మనకు రావడానికి పిన్ను అక్కర్లేదు. పిన్ను అడిగారంటే డబ్బు మన దగ్గర్నుంచి పోతోందని అర్థం.

ఓటీపీలు కూడా అన్నీ ఒకటి కావు. గ్యాసు నంబరు సిలిండరు గుమ్మంలోకి వచ్చాక తెచ్చిన మనిషికే చెప్పాలి. బ్యాంకు ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, బ్యాంకు మేనేజరునని చెప్పుకునే వాడికైనా సరే. పొరపాటున డబ్బు పోతే "ఇంట్లో తిడతారేమో" అని రెండు రోజులు దాచిపెట్టకండి. వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. సొమ్ము చేతులు మారిపోకముందే చెబితేనే దాన్ని ఆపడానికి వీలుంటుంది.

ఇక ఈ వారంలోనే చేసుకోదగ్గ పని ఒకటి చెబుతాను. మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతాకు, గ్యాసు కనెక్షనుకు, ఆధార్‌కు ఏ ఫోను నంబరు ఇచ్చి ఉందో ఒకసారి కనుక్కోండి. మీది కాకపోతే మార్పించుకోండి. స్మార్టుఫోను అక్కర్లేదు, మెసేజు వచ్చే చిన్న బటన్ల ఫోనైనా చాలు. బ్యాంకుకు పాస్‌బుక్కు, ఆధార్ ఒరిజినలు తీసుకెళ్లండి. గ్యాసు ఏజెన్సీకి ఆ నీలం పుస్తకమో, పాత రసీదో పట్టుకెళ్లండి. ఆధార్‌లో నంబరు మార్చాలంటే ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్ర వేసి మార్పించుకోవచ్చు, కొద్దిపాటి రుసుము ఉంటుంది. పని చేసి చేసి వేళ్లు అరిగిపోయి ముద్ర పడకపోతే కంగారు పడకండి, కంటి గుర్తు తీసుకోమని అడగండి. సోమవారం రద్దీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి మంగళ, బుధవారాల్లో పొద్దున పదిన్నరలోపు చేరుకుంటే మధ్యాహ్నం వంటవేళకు ఇల్లు చేరొచ్చు. ఆ బస్సుకి చార్జీ కూడా అడగాల్సిన పని లేదు కదా.