ఆ ఎంటర్ ఎక్కడికి పోయింది?

సీ ల్యాబ్‌లో అందరం చూసే సీనే ఇది. ప్రోగ్రామ్ వయసు అడుగుతుంది, 19 కొట్టి ఎంటర్ నొక్కుతాం. తర్వాత "కంటిన్యూ చేయాలా? వై ఆర్ ఎన్" అని ప్రింట్ చేసి, మనం కీ ముట్టుకోకముందే ముందుకెళ్లిపోతుంది.

కంపైలర్‌ని తిట్టి లాభం లేదు. మనం కొట్టిన లైన్ ఎంటర్ పడేదాకా టెర్మినల్ దగ్గరే ఆగుతుంది, ఆ తర్వాతే ప్రోగ్రామ్ బఫర్‌లోకి వస్తుంది. అందులో ఉన్నవి మూడు క్యారెక్టర్లు: 1, 9, న్యూలైన్. పర్సెంట్-డి 19 తీసుకుని న్యూలైన్‌ని అక్కడే వదిలేస్తుంది. వెనకాలే వచ్చిన పర్సెంట్-సి దాన్నే మన జవాబు అనుకుంటుంది. పర్సెంట్-డి ముందున్న స్పేస్‌లని, న్యూలైన్‌లని దాటేస్తుంది కాబట్టి, వరసగా రెండు నంబర్లు చదివితే ఈ గొడవే కనపడదు.

సీనియర్ల రికార్డుల్లో దీనికి మందు ఎఫ్‌ఫ్లష్ ఆఫ్ ఎస్‌టీడీఇన్. సీ స్టాండర్డ్ ప్రకారం అది అన్‌డిఫైన్డ్. కొన్ని పాత విండోస్ కంపైలర్లలో పనిచేసేది. లినక్స్ టెర్మినల్‌లో జీసీసీతో ట్రై చేయండి, న్యూలైన్ కదలదు.

పర్సెంట్-సి ముందు ఒక స్పేస్ పెడితే ఈ ఒక్క కేసు సెట్ అవుతుంది. కానీ ఎవరైనా వయసు దగ్గర "ఏబీసీ" అని కొడితే? స్కాన్‌ఎఫ్ 0 రిటర్న్ చేస్తుంది, అక్షరాలు బఫర్‌లోనే ఉంటాయి, రిటర్న్ వాల్యూ చూడని లూప్ అలా తిరుగుతూనే ఉంటుంది.

నా ఓటు ఎఫ్‌గెట్స్‌కే. లైన్ మొత్తం అర్రేలోకి తీసుకుని, ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో విడదీసి, రిటర్న్ 1 వచ్చిందో లేదో చూడాలి. లైన్ అర్రేలో పట్టకపోతే మిగిలింది గెట్‌చార్‌తో న్యూలైన్ లేదా ఈఓఎఫ్ దాకా తీసేయాలి. ఆ వేరియబుల్ ఇంట్ ఉండాలి, చార్ కాదు. లేకపోతే ఈఓఎఫ్‌ని గుర్తుపట్టడం గ్యారంటీ లేదు. గెట్స్ జోలికి మాత్రం వెళ్లకండి, 2011 స్టాండర్డ్‌లోనే దాన్ని తీసేశారు.