సంవత్సరాంత వార్తాసింహావలోకనములు: శోకనిర్వహణము

సింహము నడచుచు నడుమ నడుమ వెనుదిరిగి తాను వచ్చిన త్రోవను చూచుకొనునట. శాస్త్రకారులు దీనిని సింహావలోకనన్యాయమనిరి. తెలుగు టెలివిజను వార్తాసంస్థలు డిసెంబరు కడపటి దినములలో ప్రసారము చేయు వార్షిక సమీక్షలకును ఈ పేరు చక్కగ అమరినది. ఏడాది పొడవున చూపిన దృశ్యములను అరగంటకో గంటకో కుదించి మరల చూపుట వీని పని. ఇందలి వార్తలు ప్రేక్షకునకు తెలిసినవే. కావున అతడు వీనిని తెలిసికొనుటకు గాక, మరల అనుభవించుటకు చూచును. సమీక్ష వార్తను విడిచి భావమును ఆశ్రయించుట ఇచటనే మొదలగుచున్నది.

ఈ నిర్మాణమును మన ఆలంకారికుల పరిభాషతో వివరింపవచ్చును. శోకము స్థాయి, గతించినవారి మూర్తి ఆలంబనము, మందగతిని సాగు అంతిమయాత్ర, వెనుక వినవచ్చు వేణునాదము ఉద్దీపనములు, ఆప్తుల కన్నీరు అనుభావము, స్మృతి సంచారి. సామగ్రియంతయు సమకూడినట్లే యున్నది. కాని కావ్యమునకును దీనికిని ఒక భేదము కలదు. కావ్యమున శోకము సాధారణీకృతమై, ఎవరిదియు కాక అందరిదియు నగును. వార్తయందలి శోకము అట్లు కారాదు. అది ఫలానా ఇంటివారి దుఃఖముగనే నిలువవలెను. ఆ విశేషము తొలగినచో మిగులునది రసము కాదు, వినోదము.

మమ్మటుడు కావ్యప్రకాశమున పేర్కొన్న రసదోషములు ఇచట మిక్కిలి ఉపకరించును. ఒకే రోదనదృశ్యమును పలుమారులు చూపుట పునర్దీప్తి. శవములను చూపిన మరుక్షణమున చలనచిత్రవిజయోత్సవమునకో, వ్యాపారప్రకటనకో మరలుట అకాండచ్ఛేదము. ప్రధానమైన సంఘటనను రెండు మాటలతో ముగించి, దానిని చూడవచ్చిన ప్రముఖుల రాకపోకలను పెంచి చెప్పుట అంగాతివిస్తృతి. ఈ మూడును కాలసంకోచము వలన కలుగు దోషములు. కూర్పరి నేర్పుతో వీనిని తప్పింపవచ్చును.

ఇంతకంటె లోతైన దోషము ఆలంబనమునకు సంబంధించినది. విశాఖ మన్యమునందలి అనంతగిరి ఘాటును ఉదాహరణముగ గ్రహింతము. 2021 ఫిబ్రవరి 12న అనంతగిరి మండలము దముకు సమీపమున హైదరాబాదు యాత్రికుల బస్సు లోయలో పడి నలుగురు మరణించిరి. అదే యేడాది నవంబరు 30న గీతరచయిత సిరివెన్నెల సీతారామశాస్త్రి దివంగతులైరి. రెండును ఆ యేటి సమీక్షలో చోటు పొందదగిన విషయములే. కవికి ముఖము కలదు, కంఠము కలదు, దశాబ్దముల దృశ్యసంచయము కలదు. ఆ నలుగురికి మరణమునకు పూర్వము కెమెరాలో చరిత్ర లేదు. అందువలన అట్టి ప్రమాదములందు ఆలంబనస్థానమును మనుష్యులు గాక, ఒరిగిన బస్సును ఒక సంఖ్యయు ఆక్రమించును. ఇది కూర్పరి కాఠిన్యము కాదు. దృశ్యములు ఉన్నచోటనే దుఃఖము నిలుచునను నియమఫలము.

ఈ నియమమునకు లోబడక పూర్తిగ వెలుపల మిగులు శోకము మరియొకటి కలదు. అనంతగిరి మండలమున బాట లేని కొండపల్లెల నుండి రోగులను, గర్భిణులను డోలీలో మోసికొని రహదారి చేర్చుట ఏనాటి నుండియో ఉన్నది. దీనికి తేదీ లేదు. జనవరి నుండి డిసెంబరు వరకు నెలల వరుసను గ్రుచ్చిన దండలో తేదీ లేని దుఃఖమునకు స్థానము దొరకదు. 2024 డిసెంబరు 21న ఉపముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ ఈ మండలమునందలి పినకోట పంచాయతి బల్లగరువునకు వచ్చి రహదారి పనులకు శంకుస్థాపన చేసిరి. అంతట ఆ కొండలకు వార్తలో ఒక తేదీ లభించినది. అయినను ఆ తేదీ శంకుస్థాపనది, డోలీ మోసిన భుజములది కాదు.

అదే డిసెంబరులో కాఫీతోటలను, బొర్రాగుహలను, లోయలందలి మంచును చూడవచ్చు యాత్రికులతో అనంతగిరి నిండును. కెమెరాలును వారితోడనే వచ్చును. ఆ దృశ్యములలో కొండ ఇతరుల ఆనందమునకు ఉద్దీపనము. ఘాటు ప్రమాదమున ఇతరుల భయమునకు ఉద్దీపనము. కొండమీది మానవుడు మాత్రము దేనికిని ఆలంబనము కాడు.

కావున ఈ కార్యక్రమములను పరిశీలింపగోరు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. శోకమునకు ఆలంబనము మనుష్యుడా, వస్తువా, సంఖ్యయా? ఒక్కొక్క మరణమునకు పిమ్మట ఎంత మౌనము విడిచిరి? తేదీ లేని వానికి ఎచటనైన చోటిచ్చిరా? మొదటి రెంటికి సమాధానము గడియారముతో, కాగితముతో తేలును. మూడవదానికి తెరమీద వెదకినచో దొరకదు. ఆ యేడాది కొండమీద ఏమి జరిగినదో వేరుగ తెలిసికొని, దానిని సమీక్షతో సరిచూడవలెను. వెనుదిరిగిన సింహము త్రోవను మాత్రమే చూచును. త్రోవ లేని పల్లె దాని చూపునకు అందదు. దానిని చూపుట పరిశోధకుని పని.