గ్రహణీరోగియు దాహమును



నీరు త్రాగుట యెట్లో యొకరు చెప్పవలెనా యని మీలో కొందరు నవ్వవచ్చును. నేనును ఒకప్పుడు నవ్వినవాడనే. ముప్పదియేండ్లు పిల్లలకు వ్యాకరణము చెప్పితిని. అందు సగముకాలము పెద్దప్రేగు పుండుపడు వ్యాధితోనే చెప్పితిని. వైద్యులు దీనిని అల్సరేటివ్ కొలైటిస్ అందురు. మన పూర్వులు దీర్ఘకాలము వేధించు విరేచనవ్యాధులను గ్రహణి యనిరి. అన్నమును పట్టి నిలుపు నవయవమునకు గ్రహణి యని పేరు. అది చెడినపుడు కలుగు రోగమునకును అదియే పేరు. నిలుపవలసినది నిలుపలేకపోవుటయే యీ రోగము. అన్నమునకు వలెనే నీటికిని ఈ మాట చెల్లును.

నేను చేసిన తప్పు మొదట చెప్పెదను. త్రాగినకొలది దొడ్డికి పోవలసివచ్చునని నా నమ్మకము. పాఠము నడుమ లేచిపోవుట నాకు తలవంపుగా నుండెడిది. అందుచేత ఉదయము బడిగంట మొదలు సాయంకాలపు గంట వరకు ఒక గ్రుక్కెడు నీరైనను ముట్టకుంటిని. ఈ యలవాటు నా యొక్కనిదే కాదు. బస్సు నడుపువారిలోను, మరుగుదొడ్డి లేనిచోట పనిచేయు స్త్రీలలోను దీనిని చూచితిని. 2011వ సంవత్సరము వేసవిలో పదవతరగతి జవాబుపత్రములు దిద్దుచుండగా రోగము తిరుగబెట్టెను. దినమునకు పదిమార్లు విరేచనములు. నీరు మాత్రము మరింత తగ్గించితిని. మూడవనాడు కుర్చీనుండి లేచి రెండడుగులు వేసి పడిపోయితిని. ఆసుపత్రిలో రెండు దినములు నరములోనికి సెలైను ఎక్కించిరి. మూత్రపిండములు కొంత దెబ్బతినబోయి తప్పించుకొనెనని చెప్పిరి.

అచటి యువవైద్యుడు నన్ను, "మాస్టరుగారూ, నీరు మానినచో విరేచనములు మానినవా?" అని యడిగెను. మానలేదని యొప్పుకొంటిని. అపుడాయన చెప్పిన లెక్క నేనెన్నడును వినియుండలేదు. ఒక దినమున మన ప్రేగులలోనికి దిగు ద్రవము సుమారు 9 లీటర్లు. అందులో మనము తినుటచేతను త్రాగుటచేతను చేరునది 2 లీటర్లు మాత్రమే. తక్కిన 7 లీటర్లును లాలాజలము, జఠరరసము, పైత్యరసము, క్లోమరసము, ప్రేగులయూట. చిన్నప్రేగు ఇందు చాలభాగమును తిరిగి పీల్చుకొనును. తుదకు పెద్దప్రేగు ఒకటి యొకటిన్నర లీటరు పీల్చి, ఆరోగ్యవంతుని మలములో నూరు లేక రెండువందల మిల్లీలీటర్లు మాత్రమే విడుచును. ఈ తుదిపని చేయవలసిన పెద్దప్రేగు వాచి పుండుపడినపుడు నీరును ఉప్పును బయటికి పోవును. నోరు కట్టుకొన్నంతమాత్రమున లోపలి యూట ఆగదు. మనిషి యెండును గాని రోగము తగ్గదు.

ఈ మాట విని యింటికి వచ్చి రెండవ తప్పు చేసితిని. చెంబుల కొలది వట్టినీరు గటగట త్రాగితిని. కడుపు ఒక్కసారిగా నిండినపుడు పెద్దప్రేగు కదలుట సహజము, వెంటనే పరుగెత్తవలసివచ్చెను. నీటితోపాటు పోయిన ఉప్పు తిరిగి చేరనిదే శరీరము నీటిని నిలుపుకొనలేదు. శస్త్రచికిత్సచే పెద్దప్రేగు తీసివేయబడి, చిన్నప్రేగు కొనను పొట్టపైకి తెచ్చినవారికి ఇది మరింత ప్రమాదకరము. వట్టినీరు మిక్కిలి త్రాగినచో వారి ఒంటిలోని ఉప్పు ఆ నీటిలోనికి దిగి బయటికి పోవును. దాహము తీరకపోగా హెచ్చును.

మరి యుపాయమేమి? చిన్నప్రేగు గోడలో ఉప్పును చక్కెరను జతగా లోనికి తీసికొను ద్వారములు కలవు. ఆ జంట వెంట నీరును పోవును. 1960లో రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు ఈ మర్మమును ప్రతిపాదించెను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థి శిబిరమున కలరా వ్యాపింపగా, సెలైను చాలక, వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి రోగుల బంధువులచేతనే త్రాపించెను. నూటికి ముప్పదిమంది వరకు చచ్చుచుండిన చోట మరణములు నాలుగింటికి లోబడెను. నేడు మందులయంగడిలో దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము ఆ సంతతిదే. పెద్ద పొట్లమును సరిగా ఒక లీటరు నీటిలో కలుపవలెను. గ్లాసెడు నీటిలో కలిపినచో మేలునకు మారు కీడగును. కలిపినది ఒక దినము మించి నిలువయుంచరాదు. పొట్లము లేనపుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చదునుచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు వేయవచ్చును. చెంచా యనగా టీచెంచా.

మా యమ్మ గంజిలో ఉప్పు వేసి యిచ్చెడిది. నేను దానిని పేదల పానీయమని తలచితిని. బియ్యపుపిండి ద్రావణము కలరా రోగుల విరేచనపరిమాణమును తగ్గించునని పరీక్షలలో తేలినది. పిండి ప్రేగులలో మెల్లమెల్లగా గ్లూకోజుగా మారుటచే నీటిని లోపలినుండి లాగదు. కుక్కరు వచ్చిన పిదప గంజి వార్చు ఇండ్లు అరుదయ్యెను. నాకొరకు మా ఇంట మరల గిన్నె యెక్కించుచున్నారు. మజ్జిగయు మంచిదే, చరకుడు గ్రహణీచికిత్సలో తక్రమును మెచ్చెను. పాలు పడనివారు మాత్రము కొలదిగా త్రాగి చూచుకొనవలెను. కొబ్బరినీటిలో పొటాషియము మెండు, ఉప్పు తక్కువ. తీపిసోడాలు, చిక్కని పండ్లరసములు రోగము తిరుగబెట్టినపుడు వలదు. వాని చక్కెర నీటిని ప్రేగులోనికి లాగును.

రక్తపోటు, గుండెజబ్బు, మూత్రపిండవ్యాధి, మధుమేహము కలవారు ఈ ఉప్పుచక్కెరలను వైద్యుని యడిగియే వాడవలెను. మూత్రము ముదురుపసుపై తగ్గినను, లేచి నిలువగా కన్నులు చీకట్లు కమ్మినను, పిక్కలు పట్టినను ఒళ్లు ఎండుచున్నదని తెలియవలెను. మూత్రము రాక, నోటితో త్రాగినది నిలువక, మైకము కమ్మునేని ఇంట కూర్చుండరాదు.

నేనిపుడు ఉదయముననే లీటరు సీసా నింపి బల్లమీద నుంచుకొని, పావుగంటకు రెండు గ్రుక్కల చొప్పున త్రాగుదును. ఈ ప్రసంగమునకు వచ్చునపుడును అది సంచిలో నుండెను. స్టూడియో తలుపు మూయుటకు ముందు దొడ్డి యెచ్చటనో యడిగి తెలిసికొంటిని.