ముల్లు చెప్పదు... కూత చెబుతుంది!

తిరుమల రెండో ఘాట్ రోడ్డు. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకున్న పాత అంబాసిడర్ సెకండ్ గేరులో మూలుగుతూ మలుపులు ఎక్కుతోంది. డ్రైవరు చూపు మాటిమాటికీ టెంపరేచర్ ముల్లు మీదికే పోతోంది. ముల్లు సగం దగ్గర నిలబడింది. కాసేపటికి ఇంకాస్త కిందికి కూడా దిగింది. 'హమ్మయ్య, ఇంజిన్ చల్లబడింది' అనుకున్నాడాయన. మరో రెండు మలుపులు తిరిగారో లేదో, బానెట్ సందుల్లోంచి మాడు వాసన. బండి ఆగిపోయింది. దిగి చూస్తే హోస్ పైపు చిట్లి, నీళ్లన్నీ ఎప్పుడో రోడ్డుపాలయ్యాయి!

మరి ముల్లు అబద్ధం చెప్పిందా? దాని తప్పేం లేదు. ముల్లును నడిపే సెన్సర్ నీళ్లలో మునిగి ఉన్నంతసేపే వేడిని సరిగ్గా పసిగడుతుంది. నీళ్లు పోయి చుట్టూ గాలి, ఆవిరి మిగిలితే దానికి తగిలే వేడి తగ్గిపోతుంది. అంటే, అసలు ప్రమాదం వచ్చిన వేళే ముల్లు 'అంతా చల్లగా ఉంది' అంటుందన్నమాట. ఈలోగా హెడ్ వంగుతుంది, గ్యాస్కెట్ పోతుంది. మరీ ముదిరితే ఇంజిన్ పట్టేస్తుంది.

అంబాసిడర్, మారుతి 800... రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా వాటిని కన్నబిడ్డల్లా చూసుకునేవారు ఇంకా ఉన్నారు. అలాంటివారికి పనికొచ్చేదే కూలెంట్ అలారం. ఇది వేడిని కాదు, నీటి మట్టాన్ని చూస్తుంది. పని చేసే తీరు చాలా తేలిక. రేడియేటర్ పై ట్యాంకులో బాడీకి తగలకుండా చిన్న స్టీలు పుల్లను బిగిస్తారు. కూలెంట్ దాన్ని తాకుతున్నంతసేపూ ఆ ద్రవం గుండా అతి కొద్దిపాటి కరెంటు ఎర్త్‌కు పోతుంటుంది. మట్టం పుల్ల కిందికి జారగానే ఆ దారి తెగుతుంది. డాష్‌బోర్డు కింద బజర్ కూత అందుకుంటుంది.

చాలామంది పొరబడేది పుల్ల ఎక్కడ పెట్టాలన్న దగ్గరే. పక్కన కనిపించే ప్లాస్టిక్ సీసాలో పెట్టేస్తే పనైపోతుందనుకుంటారు. పాత బళ్లలో అది చాలావరకు పొంగిన నీళ్లు పట్టే సీసా మాత్రమే. మూత రబ్బరు పాడైతే సీసా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది! అందుకే పుల్ల రేడియేటర్లోనే ఉండాలి. దాని కొస సన్నగొట్టాల పైఅంచు కంటే కాస్త ఎత్తులో ఉంటే, గొట్టాలు ఇంకా మునిగి ఉండగానే హెచ్చరిక వస్తుంది. ఇత్తడి ట్యాంకయితే రేడియేటర్ పనివాళ్లు నట్టును టంకం వేసి అతికిస్తారు. పెళుసెక్కిన ప్లాస్టిక్ ట్యాంకుకు చిల్లు పెట్టించే సాహసం వద్దు. పై హోస్‌ను కోసి మధ్యలో 'టీ' జాయింటు వేయించడం మేలు.

కరెంటు కనెక్షన్ తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి, ఫ్యూజు ద్వారా ఇవ్వాలి. గతుకుల్లో నీళ్లు ఊగినప్పుడల్లా మోగకుండా కొన్ని సెకన్లు ఆగి కూసే సర్క్యూట్ అయితే ప్రాణానికి హాయి. ఉత్త డిస్టిల్డ్ వాటర్ పోస్తే కరెంటు సరిగా పారక ఊరికే మోగవచ్చు. కూలెంట్ కలిపితే ఆ బెడద ఉండదు. కొందరు గోల భరించలేక బజర్‌కు ఆఫ్ స్విచ్ కూడా పెట్టిస్తారు. ఇక అలారం దేనికి!

బిగించాక పరీక్ష తప్పనిసరి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి, రేడియేటర్ అడుగు ట్యాపు విప్పి కొద్దికొద్దిగా నీళ్లు వదలండి. కూత వినిపించాలి. తిరిగి నింపితే ఆగాలి.

దారిలో కూస్తే బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపండి. వేడిమీద మూత తిప్పారో, మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి. కాలిన ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగిలే ప్రమాదముంది. పూర్తిగా చల్లారాక, ముందు కారుతున్న చోటు వెతికి, ఆ తర్వాతే నీళ్ల డబ్బా తీయండి.