మూతి కట్టిన తిత్తి



రమజాన్ మాసంలో ఇఫ్తార్ వేళ మదీనా చౌరస్తా వద్ద బండికి బండి తగిలితే చాలు, మసీదులో ఎన్నడూ గొంతు పెంచని పెద్దమనిషి సయితం చెయ్యి ఎత్తడం మనం చూస్తుంటాము. ఆ కోపం ఆ క్షణాన పుట్టినది కాదు. ఇంట్లో, దుకాణంలో, బాకీదారుల ముందు దిగమింగినదంతా అప్పుడు బయటపడుతుంది.

దివ్య ఖుర్ఆన్ ఆలి ఇమ్రాన్ సూరా 134వ ఆయత్ కోపాన్ని దిగమింగేవారిని ప్రశంసించింది. అక్కడి ‘కజ్మ్’ అనే అరబీ పదానికి మూలార్థం, నిండిన నీళ్ళతిత్తి మూతిని బిగించి కట్టడం. కట్టినంత మాత్రాన తిత్తి ఖాళీ కాదు. అందుకే ఆ ఆయత్ వెంటనే ప్రజలను క్షమించేవారిని కూడా పేర్కొన్నది. మనం మాత్రం మౌనంతోనే ఆగిపోతున్నాము.

ఈ రాత్రి నిద్రకు ముందు ఒక్కరినైనా మనసారా మన్నిద్దాము. అల్లాహ్ మనకు ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.